రాజుల వియ్యం

సాలెం ఆ పొద్దు పాలు వద్దన్నాడు.

బీరమ్మ ఎప్పటిలాగే చీకటితో లేచి రెండు బర్రెలనూ పిండి, ఇత్తడి బిందె చంకనెత్తుకుని తాండూరు స్టేషను ముందున్న అతని చాయ్ హోటలుకు వచ్చింది. బిందెను గల్లా పక్కనున్న నాపరాతి అరుగు మీద దించి, కొంగుతో మూతి తుడిచి, కొలిచే గిన్నె కోసం చెయ్యి చాపింది. సాలెం గిన్నె అందివ్వలేదు.

"ఇయ్యాల్టి సంది పాలొద్దు చెల్లె," అన్నాడు.

"ఎందుకన్నా, నీళ్లు గిట్ల ఎక్కువైనయా?" అని నవ్వింది బీరమ్మ.

సాలెం నవ్వలేదు. అటు తిరిగి రేడియో చెవి మెలిపెడుతూ కూర్చున్నాడు. బల్లల దగ్గర కూర్చున్న హమాలీలు విసుక్కుంటున్నారు. "సేటూ, జర చీనా వార్తలు పెట్టవయ్యా. సరిహద్దుల మనోళ్లు ఏమైండ్రో ఏమో!" ఊరంతా చైనా యుద్ధం గురించే మాట్లాడుకుంటున్న రోజులవి. సాలెంకు మాత్రం కైరో రేడియో కావాలి. గరగరల మధ్య అరబ్బీ మాట ఒకటి దొరికింది, జారిపోయింది. అతని కళ్లు వాచి ఉన్నాయి.

పొయ్యి దగ్గర అతని కొడుకు అవద్ నిలబడి ఉన్నాడు. వచ్చే రజబ్ నెలలో బీరమ్మ కూతుర్ని చేసుకోబోయేవాడు. రోజూ "అత్తా" అంటూ ఎదురొచ్చి బిందె దించేవాడు, ఆ పొద్దు కడిగిన కప్పులే మళ్లీ కడుగుతూ తల ఎత్తలేదు.

బీరమ్మ నిండు బిందె మళ్లీ చంకనెత్తుకుంది. దారి పొడుగునా పాలు తొణికి ఆమె నడుము తడిసింది.

ఇంటికి వచ్చేసరికి భర్త యహ్యా బండల కార్ఖానాలో రాత్రి కాపలా ముగించుకుని వచ్చి, నీళ్ల గోలెం దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. యహ్యా, సాలెం ఇద్దరూ నిజాం జమానాలో యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు. ఊళ్లో వాళ్లను చావుషులంటారు. ఒకే ఓడలో వచ్చి, ఒకే దొర గడీకి కాపలా కాశారు. పోలీస్ యాక్షన్ తర్వాత అరబ్బులనందరినీ క్యాంపులో పెట్టినప్పుడు ఒకే గొంగడి కింద పడుకున్నారు. ఆ గొంగడి బీరమ్మ తన పుట్టిల్లు బషీరాబాద్ నుంచి తెచ్చుకున్నది. కురుమల ఇంటి పిల్ల ఆమె. యహ్యాను చేసుకున్నప్పుడు ఇచ్చిన కొత్త పేరుతో ఆమెను ఎవరూ పిలవలేదు. యహ్యా కూడా బీరమ్మ అనే పిలిచాడు.

"సాలెం అన్న పాలొద్దన్నడు," అంది.

యహ్యా చెంబు కింద పెట్టాడు. "ఆయన అన్న కొడుకు చచ్చిపోయిండట. రాత్రి టెలిగ్రాం వచ్చింది."

"అయ్యో! జ్వరమా?"

"లడాయి."

ఆ లడాయి సంగతి బీరమ్మకు కొంత తెలుసు. రెండు నెలల కింద యెమెన్‌లో ఫౌజు తిరగబడి ఇమామును, అంటే అక్కడి రాజును, గద్దె దింపింది. ఇమాము కొండల్లోకి పారిపోయాడు. ఫౌజు వైపు ఈజిప్టు సిపాయిలను పంపింది. ఇమాము వైపు సౌదీ రాజు తుపాకులు పంపాడు. సాలెంది దిగువన తాయిజ్ ప్రాంతం, వాళ్లు సున్నీల్లో షాఫీలు. యహ్యాది సనాకు ఎగువన కొండల ఊరు, వాళ్లు షియాల్లో జైదీలు, ఇమాము మనుషులు. యహ్యా తమ్ముడు ఇంకా ఆ కొండల్లోనే ఉన్నాడు. బతికి ఉన్నాడో లేడో కబురు లేదు.

"ఎవరు చంపిండ్రు పిలగాణ్ని?"

"మా దిక్కోళ్లు," అన్నాడు యహ్యా. చెంబు మళ్లీ అందుకుని, "మా ఊరి మీద గూడ ఈజిప్టు విమానాలు బాంబులేస్తున్నయట. గది సాలెం రేడియోల చెప్పరు."

బీరమ్మ బిందెలోని పాలను కాగులో పోసి పొయ్యి మీద పెట్టింది. తోడేసుకోవడం తప్ప దారి లేదు. "గా సౌదీ రాజుది మీ జైదీ మతమేనా?" అని అడిగింది పిడక ఎగదోస్తూ.

"కాదు. వాళ్ల ముల్లాలు మమ్మల్ని ముసల్మానుల లెక్కల్నే పట్టరు. నేను చిన్నగున్నప్పుడు మా ఇమాముతోని లడాయి చేసింది గూడ వాళ్లే."

"మరి ఇప్పుడు తుపాకులెందుకిస్తున్నడు?"

"రాజుకు రాజు తోడు. ఈణ్ని దింపినోళ్లు రేపు ఆణ్ని గూడ దింపుతరని భయం."

"అయితే గిది దీన్ కోసం, మతం కోసం కాదు గద?"

యహ్యా తువ్వాలుతో మొహం తుడుచుకుని నమాజుకు చాప పరిచాడు.

కూతురు తకియా పశువుల కొట్టంలో పేడ ఎత్తుతూ ఈ మాటలన్నీ విన్నది. యహ్యా తన తల్లి పేరు పెట్టుకున్నాడు ఆ పిల్లకు. తాండూరు ఉర్దూలో తకియా అంటే దిండు. చిన్నప్పుడు ఈడు పిల్లలంతా ఎగతాళి చేసేవాళ్లు, ఒక్క అవద్ తప్ప. అవద్‌కు ఆ పేరు అర్థం వాళ్ల నాన్న చెప్పాడు, దేవునికి భయపడే మనిషి అని. నాలుగేళ్ల కింద ఇమాము ఈజిప్టుతో చెయ్యి కలిపిన రోజున సాలెం స్టేషను ముందు జిలేబీలు పంచి, యహ్యాను భుజాల మీద ఎత్తుకుని తిప్పాడు. "రాజులే వియ్యమందుతున్నరు, మనకేం తక్కువ?" అని అప్పటికప్పుడు పిల్లలిద్దరికీ మాట అనుకున్నారు. మరుసటేడు మొగులప్ప దుకాణంలో బీరమ్మ ఎర్రచీర కొని పెట్టెలో దాచింది కూడా.

"అమ్మా," అంది తకియా పేడ చేతులతో వాకిట్లోకి వచ్చి, "అవద్ ఏమన్న అన్నడా?"

"కప్పులు కడుగుతుండె బిడ్డా," అంది బీరమ్మ.

శుక్రవారం మధ్యాహ్నం యహ్యా మసీదు నుంచి తొందరగా తిరిగొచ్చాడు. జొన్నరొట్టె విరిచి పళ్లెంలో పెట్టింది బీరమ్మ. అతను ముట్టలేదు.

"సాలెం నమాజు వరుసల నిలవడి అందరు వినంగ అడిగిండు. నీ చేతులు ఎందుకు ఏలాడుతున్నయి అని."

బీరమ్మకు అర్థం కాలేదు. యహ్యా లేచి నిలబడి చూపించాడు. మసీదులో మిగతావాళ్లు నమాజులో చేతులు కట్టుకుంటారు. జైదీలు పక్కలకు విడిచి నిలబడతారు.

"ఇన్నేండ్ల సంది ఆయన పక్కన్నే నిలవడుతున్న బీరమ్మా. భుజానికి భుజం. ఇయ్యాల నా చేతులు చూసిండు."

అలా చేతులు విడిచే చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాతి శుక్రవారం మసీదుకు పోలేదు. ఇంట్లోనే, కొట్టం పక్క గదిలో, ఒక్కడే నమాజు చేసుకున్నాడు. తకియా గది గుమ్మంలో కూర్చుని, లోపలికి కోళ్లు పోకుండా కాపలా కాసింది.

ఆ వారంలోనే అవద్ వచ్చాడు. యహ్యా డ్యూటీకి వెళ్లాక, దీపాలు పెట్టే వేళ, దొడ్డిదారిన వచ్చి కొట్టంలో బర్రెకు చొప్ప వేస్తున్న బీరమ్మ ఎదుట నిలబడ్డాడు. హోటలు పొయ్యి బూడిద కనురెప్పల మీద తెల్లగా పేరుకుని ఉంది.

"అత్తా, అబ్బను ఒప్పిచ్చిన. మూడు దినాలు అన్నం ముట్టలె నేను. మా చిన్నమ్మ ఇంట్ల, వికారాబాదుల నికా చేస్తమన్నడు. యహ్యా మామకు మాత్రం తర్వాత చెప్పాల్నట. ముందు చెప్తే ఆయన రానియ్యడు, మా అబ్బ గూడ ఆయన మొకం చూడనంటుండు."

"తండ్రికి చెప్పకుండ పిల్లనెట్ల తోలుకురావాలెరా?"

"నికా కాంగనే నేనే వచ్చి మామ కాళ్ల మీద పడత. కొట్టనియ్యి. చంపనియ్యి."

బీరమ్మ చొప్పకట్ట విప్పుతూ ఉండిపోయింది. తకియా ఎప్పుడు వచ్చిందో, రాట పట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వు రాలేదా అమ్మా, మీ నాయినకు చెప్పకుండ?" అంది మెల్లగా.

నిజమే. బషీరాబాద్ సంతలో గొర్రెలను అన్నకు అప్పజెప్పి, ఎడ్లబండిలో అరబ్బువాడి పక్కన కూర్చుని వచ్చింది బీరమ్మ. తండ్రి చచ్చేదాకా ఆమె మొహం చూడలేదు. అయినా ఆమె ఏనాడూ పశ్చాత్తాపపడలేదు. బిడ్డ మొహంలోకి చూసింది. ఆ రాత్రే పెట్టెలోంచి ఎర్రచీర తీసి మడతలు విప్పింది.

యహ్యాతో వికారాబాదు దగ్గరి అనంతగిరి దవాఖానలో ఉన్న బీరమ్మ మేనత్తను చూసి వస్తామని చెప్పారు. అతను స్టేషను దాకా వచ్చి, పాసింజరు బండిలో కిటికీ పక్కన చోటు చూసి కూర్చోబెట్టి, కూతురి చేతిలో ముసలమ్మకని బత్తాయిలు పెట్టాడు. బండి కదిలాక కూడా పట్టాల పక్కన కొంతదూరం నడిచాడు. తకియా ఆ బత్తాయిలను ఒళ్లో పెట్టుకుని వికారాబాదు దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది.

అవద్ చిన్నమ్మ ఇల్లు స్టేషనుకు దగ్గరే. ముందుగదిలో చాపలు పరిచారు. తకియాను పరదా వెనక కూర్చోబెట్టారు. ముసలి కాజీ కలం దవాతులో ముంచి పెళ్లికొడుకు పేరు రాసుకున్నాడు. బీరమ్మ స్టేషను దగ్గర కొన్న చామంతిపూలు కూతురి జడలో తురుముతూ, ఇంక అంతా అయిపోయినట్టే అనుకుంది.

"పిల్ల తరఫు వలీ ఎవరు? తండ్రేడి?" అన్నాడు కాజీ.

"తండ్రి రాలేదు," అన్నాడు సాలెం. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఈ కొద్ది రోజుల్లోనే గడ్డం నెరిసినట్టు కనిపించాడు.

"పెద్ద పిల్ల. మా హనఫీలల్ల ఆమె ఇష్టం చాలు."

"మాకు చాలదు కాజీ సాబ్. మా షాఫీలల్ల తండ్రి లేకుంటే నికా చెల్లదు. తండ్రి దీన్ తప్పినోడైతే మాత్రం కాజీయే తండ్రి జాగల నిలవడొచ్చు." సాలెం పరదా వైపు తిరిగాడు. "బిడ్డా తకియా, ఒక్క మాట అను. మా అబ్బ దీన్ తప్పినోడు, ఆయన తొవ్వ నాది కాదు అను. గంతే. కాజీ సాబ్ మిగతాది చదువుతడు."

కాజీ కలం కింద పెట్టాడు. "గిది నాకు మంచిగనిపిస్తలేదు చావుష్. జైదీలు గూడ ముసల్మానులే."

"మా పిలగాణ్ని ఆ ముసల్మానులే కొండల్ల గొంతు కోసిండ్రు!" అని అరిచాడు సాలెం. ఆ అరుపు చివర గొంతు పగిలి ఏడుపు వచ్చింది. "ఒక్క మాట. మా అన్నకు నేనేం జవాబు చెప్పాలె? ఆ ఇంటి పిల్లను ఊరికెనే తెచ్చుకున్ననని చెప్పాల్నా?"

బీరమ్మ సాలెం వైపు చూసింది. అన్నా అని పిలిచిన మనిషి. తకియా పుట్టినప్పుడు చెవిలో అజాన్ చెప్పింది అతనే, యహ్యా గడీలో కాపలా వదిలి రాలేకపోతే.

పరదా వెనక నుంచి తకియా అడిగింది. "మామా, మా అబ్బ ఎప్పుడు దీన్ తప్పిండు? నిరుడు రంజాన్‌ల నీ పక్కన్నే గద నిలవడ్డడు?"

అవద్ పరదా దగ్గరికి జరిగాడు. "అనెయ్ తకియా. వట్టి మాటే గద. దేవునికి తెలుసు మన మనసు."

"వట్టి మాటైతే నువ్వు అను. మా అబ్బ గురించి కాదు, మీ అబ్బ గురించి."

అవద్ తండ్రి వైపు చూశాడు. ఏడుస్తున్న తండ్రి. అవద్ తల దించుకున్నాడు.

పరదా కాసేపు కదల్లేదు. తర్వాత పక్కకు జరిగింది. తకియా ఎర్రచీర చెంగు తల మీదికి లాక్కుని బయటికి వచ్చింది. కాజీకి సలాం చేసింది. సాలెంకు కూడా చేసింది. గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటుంటే ఒకటి ఎవరి చెప్పుల కిందో పడి దొరకలేదు. అవద్ వంగి, దాన్ని తీసి ఆమె కాళ్ల ముందు పెట్టాడు. అంతే చేయగలిగాడు.

తాండూరు బండి సాయంత్రానికి గానీ లేదు. ప్లాట్‌ఫారం మీద తల్లీకూతుళ్లు కూర్చున్నారు. బీరమ్మ బత్తాయి ఒలిచి ఇస్తే తకియా తొనలు లెక్కపెడుతున్నట్టు చేతిలో తిప్పుతూ ఉండిపోయింది.

"అనేస్తే అయిపోవు గదనే," అంది బీరమ్మ చివరికి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకే సిగ్గేసింది.

తకియా కోప్పడలేదు. "అనేద్దమనే అనుకున్న అమ్మా. నోటి దాక వచ్చింది. కొట్టం పక్క గదిల అబ్బ ఒక్కడే నిలవడి నమాజు చేసుకునుడు కండ్లకు కట్టింది." తల్లి భుజం మీద తల ఆనించింది. "అబ్బకు చెప్పకు. తన కోసమే ఇడిసిపెట్టిననుకుంటడు."

"నిజమే గద."

"నిజమని ఆయనకెందుకు?"

బండిలో చీకటి పడ్డాక ఏడ్చింది. ఇంటికొచ్చేసరికి మొహం కడుక్కుని ఉంది. మేనత్త ఎట్లుందని యహ్యా అడిగితే, మంచిగుందని తకియాయే చెప్పింది.

ఆ ఎండాకాలం అవద్‌కు హైదరాబాదులో అరబ్బులుండే బార్కస్‌లో పెళ్లైంది. తకియాను వికారాబాదులోనే రైల్వే గ్యాంగ్‌మన్ మహబూబ్ అలీకిచ్చారు. భార్య పోయి, ఇద్దరు చిన్నపిల్లలున్న మనిషి. వయసు మీద పడ్డా నెమ్మదస్తుడు. "నీకిష్టమేనా బిడ్డా?" అని యహ్యా అడిగితే, "మీ ఇష్టమే నా ఇష్టం అబ్బా," అంది. నికాలో యహ్యాయే వలీగా కూర్చుని, తన నోటితో కూతుర్ని అప్పజెప్పాడు. ఆ రోజు మీసం దువ్వుకుని ఎంతో గర్వంగా ఉన్నాడు.

మూడో ఏడు వానాకాలం, ఒక సాయంత్రం, ముసురులో గోనెసంచి కప్పుకుని ఎవరో వాకిట్లోకి వచ్చారు. పిడకలు తడవకుండా లోపలికి చేరుస్తున్న బీరమ్మ తలెత్తి చూసింది. సాలెం.

"యహ్యా!" అని పిలిచాడు గుమ్మంలోంచి. "సుల్హ్ అయిందిరా! సౌదీ రాజు, ఈజిప్టు పెద్ద జిద్దాల కలిసిండ్రు. కావలించుకున్నరట. లడాయి బంద్. కైరోల చెప్పిండ్రు, నా చెవులతోని విన్న."

యహ్యా మంచం మీంచి లేచాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఈ మూడేళ్లూ ఒకే బజారులో ఎదురుపడినా తలలు తిప్పుకున్న మనుషులు. ముందు ఎవరు కదిలారో బీరమ్మకు తెలియలేదు. ఒకరి భుజం మీద ఒకరు మొహం పెట్టుకుని, అరబ్బీలో ఏవేవో అంటూ చిన్నపిల్లల్లా ఏడ్చారు. సాలెం యహ్యా చేతులను రెంటినీ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"షైతాన్ దూరిండు మన నడుమ. మాఫ్ చెయ్యి భాయ్. రేపు జుమ్మాకు నాతోనే రావాలె. ఎవడేమంటడో చూస్త."

"వస్త," అన్నాడు యహ్యా కళ్లు తుడుచుకుంటూ. "బీరమ్మా, చాయ్ పెట్టు!"

బీరమ్మ చాయ్ పెట్టింది. రెండు కప్పులూ వాళ్ల ముందు ఉంచి, గోడకు ఆనుకుని నిలబడింది. వాళ్లు పాత గడీ ముచ్చట్లు, ఓడ ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. కాసేపు విన్నది.

"అన్నా," అంది.

"చెప్పు చెల్లె."

"గా రాజులు మళ్ల కొట్లాడితే?"

సాలెం నవ్వు ఆగిపోయింది. ఆమె మొహంలోకి ఒక్కసారి చూసి, కళ్లు దించుకున్నాడు. వికారాబాదు గది ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. కప్పులో సగం చాయ్ వదిలి, వాన పెరుగుతున్నదని చెప్పి వెళ్లిపోయాడు.

"అట్లంటవేంది?" అన్నాడు యహ్యా నొచ్చుకుని. "తన అంతట తాను వచ్చిండు. మనసు మంచిది వానిది. మనకేం తక్కువైంది చెప్పు? పిల్ల సంబంధం పోయిందంటవా? పోతే పోయింది. ఒక్కనాడన్న కంట నీళ్లు పెట్టిందా నా బిడ్డ? దానికి గా పిలగాని మీద అంత మనసు లేకుండె, గందుకే."

ఇన్నాళ్లూ బిడ్డకిచ్చిన మాట కోసం గొంతులో అదిమిపెట్టుకున్నది, ఆ మాటతో ఇక ఆగలేదు. బీరమ్మ అతని ఎదుట నేల మీద కూర్చుని మొత్తం చెప్పింది. ఎర్రచీర చెప్పింది. మేనత్తకని ఇచ్చిన బత్తాయిలు ఏమయ్యాయో చెప్పింది. పరదా, కాజీ, సాలెం అడిగిన ఒక్క మాట, బిడ్డ ఇచ్చిన జవాబు, ఏదీ దాచలేదు. కోపంతో మొదలుపెట్టింది కానీ, భర్త మొహం చూస్తూ చూస్తూ ఆ కోపం ఎటు పోయిందో పోయింది.

యహ్యా మధ్యలో ఒక్కసారే అడిగాడు. "ఆ మాట అంటే అయిపోతుండెనా?"

"అయిపోతుండె."

"అననే లేదు?"

"అననే లేదు."

అతను తన అరచేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ రాత్రి కాపలాకు పోలేదు. తెల్లారి ఇస్త్రీ లేని కమీజే వేసుకుని, "వికారాబాదు పోయొస్త," అన్నాడు. జుమ్మా సంగతి ఆమె గుర్తుచేయలేదు. అతనూ అనలేదు.

మధ్యాహ్నం మసీదు దగ్గర సాలెం చాలాసేపు ఎవరి కోసమో వీధి చివరికి చూస్తూ నిలబడ్డాడని పక్కింటి భీమమ్మ వచ్చి చెప్పింది.

యహ్యా పొద్దుగూకే బండికి తిరిగొచ్చాడు. వాన వెలిసింది. గోలెం దగ్గర కాళ్లు కడుక్కుని, మంచం పట్టె మీద కూర్చున్నాడు. బీరమ్మ తువ్వాలు అందించి, ఎదురుగా నిలబడింది.

"అడిగినవా?"

"అడుగుదమనే పోయిన. వాకిట్ల పిల్లలకు తలలు దువ్వుతుంది. నన్ను చూసి నవ్వింది. ఏమని అడుగుత?"

"మరి అదేమన్నది?"

"ఏమనలేదు. నా మొకం చూసి తెలుసుకున్నట్టున్నది. లోపటికి రా అబ్బా అన్నది. అన్నం పెట్టింది."

"తిన్నవా?"

యహ్యా తువ్వాలు మడిచి పక్కన పెట్టాడు. కొట్టంలో బర్రె మెడ విదిల్చిన చప్పుడైంది.

"రెండోపారి గూడ అన్నం ఏసింది," అన్నాడు. "వద్దనలేకపోయిన."